అరస్వరం పైకి

రిహార్సల్ గదిలో పియానో అబద్ధం చెబుతోందని ఆ సోమవారం పొద్దున పది గంటలకు కనిపెట్టాను.

నేనేం దాన్ని పరీక్షించడానికి వెళ్ళలేదు. ముందురోజు చెల్లెల్ని పిలుచుకురావడానికి వచ్చి మరిచిపోయిన శాలువా కోసం వెళ్ళాను. గదిలో ఎవరూ లేరు. ఆ గది పెద్ద పాత్రలవాళ్ళది. గుంపుపాటలు పాడే మా కోరస్ వాళ్ళం కింద నేలమాళిగలో ఒక పాత హార్మోనియంతో సాధన చేసుకుంటాం. కోరస్‌కు మొదటి స్వరం అందించే పని ఇరవై రెండేళ్ళుగా నాదే కాబట్టి మా నాన్న శ్రుతిదండం, కొడితే సరైన 'లా' స్వరం ఒక్కటే పలికే చిన్న ఇనుప కడ్డీ, ఎప్పుడూ నా జేబులోనే ఉంటుంది. ఊరికే, అలవాటు కొద్దీ, దాన్ని మోకాలికి కొట్టి పియానో చెక్కకు ఆనించాను. రెండో చేత్తో 'లా' నొక్కాను.

రెండు స్వరాలూ ఒకదాన్నొకటి కరుచుకున్నాయి.

మళ్ళీ కొట్టాను. మళ్ళీ నొక్కాను. పియానో స్వరం పైన ఉంది. కాస్తో కూస్తో కాదు, దాదాపు అరస్వరం పైన. పదిహేడు రోజులుగా మా చెల్లెలు నెరీనా ఈ పియానో పక్కనే నిలబడి పాడుతోంది. పది రోజులుగా పాటలో అన్నిటికంటే పైదైన 'దో' స్వరం దగ్గర ఆమె గొంతు చిరుగుతోంది. ఆ స్వరం ఆమెకు ఇరవై ఏళ్ళ వయసు నుంచీ నవ్వినంత సులువు. అలాంటిది, ఇంటికొచ్చి వంటింట్లో నీళ్ళ తొట్టి అంచు పట్టుకుని, "అక్కా, నా గొంతు అయిపోయింది," అని ఏడుస్తోంది. ఆమె పాడుతున్నది ఆ స్వరమే కాదు. దానికి పైది. అది పైదని ఆమెకు తెలియదు.

ఇదంతా యుద్ధం ముగిసిన ఎనిమిదో ఏటి శీతాకాలం మాట. ఉత్తర ఇటలీలో పారే పో నది పొగమంచు మా ఊరి మీద కూర్చుందంటే ఎదురింటి కిటికీ కూడా కనిపించదు. క్రిస్మస్ మర్నాడు థియేటరు తెర లేస్తుంది, పాటగా సాగే నాటకాల, ఒపెరాల, సీజను మొదలవుతుంది. ఆ సీజను తర్వాత మా ఇంట్లో ముగ్గురం ఒక్క బల్ల దగ్గర మళ్ళీ కూర్చోలేదు.

ఆ సోమవారం నేను చేయవలసిన పని ఒక్కటే: మెట్లు దిగి, ఎవరు కనబడితే వాళ్ళకి, పియానో శ్రుతి తప్పిందని అరిచి చెప్పడం. చెప్పలేదు. పియానో మూత మూసి, శాలువా కప్పుకుని బయటికొచ్చాను.

ఎందుకంటే ఆ పియానోకు శ్రుతి చేసేది నా మొగుడు.

*

అల్చీదె మా ఊళ్ళో అందరికీ తెలిసిన శ్రుతిగాడు. థియేటరు పియానోలు, చర్చి హార్మోనియాలు, డబ్బున్నవాళ్ళ ఇళ్ళల్లో ఎవరూ వాయించని పియానోలు, అన్నీ ఆయనవే. పొగమంచు కాలంలో చెమ్మకు తీగలు వదులవుతాయని సీజను రోజుల్లో పొద్దున్నే ఎనిమిదింటికి థియేటరుకు వెళ్ళి సరిచూసి వచ్చేవాడు. యుద్ధంలో స్టేషను మీద బాంబులు పడినప్పుడు ఆయన ఎడమ చెవిలోంచి నెత్తురు కారింది. వాళ్ళ నాన్న యాభై దాటేసరికి గంట మోగినా వినలేకపోయాడు. అల్చీదెకు అప్పుడు యాభై రెండు.

నాకు తట్టిందల్లా అదే. ఆయన చెవులు పోతున్నాయి. ఆయనకు తెలియడం లేదు, లేదా తెలిసి దాచుకుంటున్నాడు. చెవిటి శ్రుతిగాడికి ఏ ఊళ్ళో పని ఇస్తారు?

మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. పులుసులో పిండి ఉండలు. నెరీనా మెడకు రెండు చుట్లు ఉన్నిగుడ్డ చుట్టుకుని చెంచాతో ఉండలు లెక్కపెడుతోంది.

"లెక్కపెడితే కడుపు నిండదే," అన్నాను.

"మింగితే మంట పుడుతోంది అక్కా."

"మా గాయనమ్మగారికి వంట నచ్చలేదేమో," అని అల్చీదె నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది.

"వంట బాగానే ఉంది బావా. గొంతే బాగాలేదు. శుక్రవారం కూడా ఇలాగే ఉంటే, పెట్టె సర్దుకుని సర్కస్‌లో చేరతా. అక్కడ ఎలుగుబంటి అరిచినా చప్పట్లు కొడతారు."

నేను ఆయన వెనక్కి వెళ్ళి, గిన్నె తీస్తున్నట్టు నటిస్తూ, చిన్న గొంతుతో అన్నాను: "అల్చీదె, సున్నం వేసిన గోడ మీద బల్లి ఉంది."

ఆయన తల తిప్పలేదు. చెంచా ఆగింది, మళ్ళీ కదిలింది. అంతే.

అనుకున్నంతా నిజమే. ముందు నెమ్మదిగా మాట్లాడదాం, డాక్టరుకు చూపిద్దాం, రెండు రోజుల్లో ఏదో ఒక దారి చూద్దాం అనుకున్నాను. మొగుణ్ణి కాపాడుతున్నానని అనుకున్నాను. అలా వాయిదా వేసినందుకు ఈ రోజుకీ నన్ను నేను క్షమించుకోలేదు.

*

శుక్రవారం ఏమిటో చెప్పాలి.

మా గాయకుల ఒప్పందాల్లో పదకొండో నిబంధన అని ఒకటుండేది. పియానోతో సాధన మొదలైన ఇరవయ్యొకటో రోజుకి గొంతు పాత్రకు సరిపోదని తేలితే, థియేటరు ఆ గాయకుణ్ణి తిప్పి పంపేయవచ్చు. కారణం చెప్పక్కర్లేదు, ఎవరూ ప్రశ్నించడానికి వీల్లేదు. జ్వరం వస్తే అది నీ గొంతు తప్పు. నిద్ర లేకపోతే నీ గొంతు తప్పు. రైల్లో కిటికీ మూసుకోకపోతే నీ గొంతు తప్పు. ఒక థియేటరు తిప్పి పంపిందంటే ఆ కబురు మీకంటే ముందు రైలెక్కుతుంది. మిగతా థియేటర్ల తలుపులు మీరు తట్టకముందే మూసుకుంటాయి. అందుకని మా వాళ్ళలో ఎవరూ, చచ్చినా సరే, పై స్వరం కష్టంగా ఉందని నోటితో అనరు.

ఆ మూడు వారాలు థియేటరు వసారాలో చూడాల్సింది. మగవాళ్ళలో పై గొంతు పాడే తెనార్ బొనాత్తి ఇంట్లోంచి మరిగించిన ఆకుల కషాయం సీసాలో తెచ్చుకుని తెర చాటున పుక్కిలించేవాడు. "చలికి మంచిదని," అనేవాడు, ఎవరూ అడక్కుండానే. ఇంకో గాయని మెడ మీద ఉల్లిపాయ కట్టుకొచ్చింది. అందరి గొంతులూ ఒకే పియానో దగ్గర ఒకేలా పట్టేస్తున్నాయి. ఒక్కరంటే ఒక్కరు పక్కవాళ్ళని "నీకూ అలాగే ఉందా?" అని అడగలేదు. గాయకులు ప్రపంచంలో దేన్నైనా అనుమానిస్తారు, పియానోను తప్ప. పియానోకూ గొంతుకూ తేడా వస్తే తప్పు గొంతుదే. చిన్నప్పటినుంచి మాకు అలాగే నేర్పారు.

ఆ సీజను కాంట్రాక్టు తరాస్కిది. నున్నగా గీసిన గడ్డం, వేలికి రాయి ఉంగరం, ఏ మాటైనా నవ్వుతూ అనే అలవాటు. అతనికి నెరీనా మీద పగ ఉంది. దానికి కారణం పోయిన జులైలో ఆరుబయట జరిగిన ప్రదర్శన. ఆ ఉక్కలో ఉన్ని దుస్తులు వేసుకున్న ఒక కోరస్ పిల్ల స్టేజి మీదే స్పృహ తప్పి పడిపోయింది. "పక్కకి లాగండి, పాట ఆపకండి," అని తరాస్కి పక్కనించి చేతులు ఊపాడు. నెరీనా ఆపింది. మూడు వేలమంది ముందు నోరు మూసుకుని, చేతులు కట్టుకుని, డాక్టరు వచ్చి ఆ పిల్ల నాడి చూసేదాకా విగ్రహంలా నిలబడింది. జనం లేచి నిలబడి ఆమెకు చప్పట్లు కొట్టారు. పత్రికల్లో రాశారు. శీతాకాలం ఒప్పందం మీద అప్పటికే సంతకాలయ్యాయి. దాన్ని తెంచితే కార్మిక సంఘం ఊరుకోదు.

కానీ గొంతే ఆమె మీద సాక్ష్యం చెబితే సంఘం ఏం చేస్తుంది?

బుధవారం వసారాలో తరాస్కి నన్ను ఆపాడు.

"మీ చెల్లెలికి ఎలా ఉంది సిన్యోరా జెలిందా?"

"బాగానే ఉంది."

"దేవుడి దయ. అంత మంచి గొంతు. ఎండల్లో నోరు మూసుకుని కూర్చుంటే తుప్పు పడుతుందేమోనని భయపడ్డాను." నవ్వి వెళ్ళిపోయాడు.

నా వెనకనుంచి దేసొలీనా ఉమ్మేసినంత శబ్దం చేసింది. దేసొలీనా నా పక్కన నిలబడి పాడే మనిషి, లావుపాటిది, నోరు మంచిది కాదు, మనసు మంచిది. "ఒసే జెలిందా, వాడి నవ్వు చూశావా? శవం మీద పూలు పెట్టేవాడి నవ్వు. ఏదో చేస్తున్నాడే."

"ఏం చేస్తాడు?" అన్నాను.

ఏమీ అనుమానం రానంత తెలివితక్కువదాన్ని కాదు. నాకు తెలిసిన రహస్యం ఒకటి ఉంది కదా, అందుకని మరొకటి ఉండొచ్చని తోచలేదు.

ఆ సాయంత్రం అల్చీదెను అడిగాను, "నీ చెవులు ఎలా ఉన్నాయి?" అని. తీగలు బిగించే తాళాన్ని నూనెగుడ్డతో తుడుస్తూ, "ఎందుకు?" అన్నాడు. "ఊరికే." "బాగానే ఉన్నాయి," అన్నాడు. మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. గురువారమంతా నోటి దాకా వచ్చిన మాటను మింగుతూ గడిపాను. పొద్దున మింగాను, మధ్యాహ్నం మింగాను. సాయంత్రానికి అదో పనిగా అలవాటైపోయింది.

*

శుక్రవారం పొద్దున పదకొండు గంటలకు పరీక్ష.

మాయెస్త్రో బెర్తోలి పియానో ముందు కూర్చున్నాడు. ఆర్కెస్ట్రాను నడిపే మనిషి, మంచి వేళ్ళు, మెత్తటి వెన్నెముక. తరాస్కి పక్కన థియేటరు కమిటీ వాళ్ళు ఇద్దరు, చేతుల్లో కాగితాలు. గోడకు ఆనుకుని అల్చీదె, పియానోకు ఏమన్నా అయితే సరిచేయడానికి. తలుపు దగ్గర మేం కోరస్ ఆడవాళ్ళం.

నెరీనా ఉన్నిగుడ్డ విప్పి కుర్చీ మీద పెట్టింది. నల్ల గౌను వేసుకుంది. ముఖం గోడలా తెల్లగా ఉంది. మూడో అంకంలో ఆ పాత్ర ఒంటరిగా పాడే పాట. మొదలుపెట్టింది. కింది స్వరాల్లో ఆ గొంతు ఎంత నిండుగా ఉందంటే, కమిటీ వాళ్ళలో ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. మధ్యలోకి వచ్చేసరికి మెడ నరాలు బిగిశాయి. పై 'దో' దగ్గరికి వచ్చింది. గొంతు పట్టుకుంది, ఒక్క క్షణం నిలిచింది, గుడ్డ చిరిగినట్టు చిరిగింది.

కమిటీ ముసలాయన కళ్ళు తెరిచాడు.

"మళ్ళీ," అన్నాడు తరాస్కి, మెల్లగా, దయగా.

నెరీనా పియానో అంచు పట్టుకుంది. ఆమె పెదాలు తడుపుకుని, నా జన్మలో ఆమె నోట వింటానని అనుకోని మాట అన్నది: "మాయెస్త్రో... అరస్వరం దించి వాయిస్తారా?"

మా కోరస్ ఆడవాళ్ళంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. దించమని అడగడమంటే మా వాళ్ళలో ఓడిపోయానని కాగితం మీద రాసివ్వడమే.

"దించమంటున్నారు," అన్నాడు తరాస్కి కమిటీ వైపు తిరిగి. "విన్నారు కదా? రాసుకోండి. అయ్యో, ముప్ఫై ఒక్క ఏళ్ళకే."

ఆమె అడిగింది సరైన శ్రుతినే. ఆ గదిలో ఆ మాట తెలిసింది నాకొక్కదానికే అనుకున్నాను. అరస్వరం దించితే అది ప్రతి థియేటరులోనూ వాయించే శ్రుతే. నా శ్రుతిదండం నా జేబులో నా వేళ్ళ మధ్య ఉంది. నాలుగు అడుగులు వేసి దాన్ని ఆ చెక్కకు ఆనిస్తే చాలు. నేను అల్చీదె వైపు చూశాను. ఆయన నేల వైపు చూస్తున్నాడు. ఇన్ని కళ్ళ ముందు ఆయన చెవిటివాడని నిరూపించాలా? ఇంకొక్క నిమిషం, ఆమె ఈసారి పాడేస్తుంది, అనుకున్నాను.

మాయెస్త్రో దించలేదు. ఆమె మళ్ళీ పాడింది. ఈసారి స్వరం అసలు రాలేదు. గాలి వచ్చింది. తర్వాత దగ్గు వచ్చింది. నోటికి అడ్డం పెట్టుకున్న రుమాలును ఆమె చూసి, మడిచి, గుప్పిట్లో దాచుకుంది. దాచుకోకముందే ఎర్రటి చుక్క నాకు కనిపించింది.

తరాస్కి పదకొండో నిబంధన చదివాడు. నిలబడి, టోపీ తీసి మరీ చదివాడు.

డాక్టరు ఆ మధ్యాహ్నమే అద్దం పెట్టి గొంతులోకి చూశాడు. లోపల నరం చిట్లిందన్నాడు. ఆరు వారాలు మాట కూడా మాట్లాడకూడదు. తర్వాత పాడగలదా అని అడిగితే, "బహుశా," అన్నాడు. ఆ మాటను పట్టుకుని మా చెల్లెలు ఇంకో రెండేళ్ళు రోజూ పొద్దున్నే సాధన చేసింది. తర్వాత మానేసింది. ఇప్పుడు ఆమె మిలాన్‌లో ఒక బట్టల కొట్లో పద్దులు రాస్తుంది. అందరూ ఆమె గొంతు బాగుంటుందంటారు, ఫోనులో.

*

ఆ రాత్రి కన్ను మూయలేదు. తెల్లారేసరికి మనసు గట్టిపడింది. మొగుడి చెవులా, చెల్లెలి పేరా అంటే, చెల్లెలి పేరే. ఎనిమిదిన్నరకు థియేటరు వసారాలో మాయెస్త్రో బెర్తోలి చెయ్యి పట్టుకున్నాను.

"ఒక్క నిమిషం రండి. ఆ పియానో వినండి."

"ఏమైంది జెలిందా? ఆర్కెస్ట్రా ఎదురుచూస్తోంది. కొత్త గాయని వచ్చేసింది."

"కొత్త గాయని రాత్రికి రాత్రే వచ్చేసిందా?"

ఆయన కళ్ళు తప్పించాడు. బలవంతాన లాక్కెళ్ళాను. శ్రుతిదండం కొట్టి చెక్కకు ఆనించి 'లా' నొక్కాను.

రెండు స్వరాలూ కలిసిపోయాయి. నీళ్ళలో నీళ్ళు కలిసినట్టు.

"బాగానే ఉందిగా," అన్నాడు మాయెస్త్రో.

పైది నొక్కాను. కిందిది నొక్కాను. ప్రతి మెట్టూ సరిగ్గా, స్వచ్ఛంగా ఉంది. పియానోను ఎవరో కిందికి దించేశారు. నిన్నటి పరీక్షకూ ఈ పొద్దుటికీ మధ్య, నీట్‌గా, ఎక్కడా మచ్చ లేకుండా.

అప్పుడు అర్థమైంది. చెవిటివాడికి తన పియానో పైకి పోయిందని తెలియదు. తెలియనివాడు దాన్ని మళ్ళీ దించడు. అసలు చెవిటివాడు ఎత్తితే ఒక మెట్టు ఇంతా ఒక మెట్టు అంతా ఉండాలి. సోమవారం నేను విన్నది 'లా' ఒక్కటే, మిగతావి చూడనే లేదు. చూసి ఉంటే ఆ రోజే తెలిసేది. ఇరవై రోజుల్లో రెండు వందల ఇరవై తీగలనూ ఒకే కొలతన పైకి తీసుకెళ్ళి, మళ్ళీ ఒక్క పూటలో ఇంత నిఖార్సుగా కిందికి తేగల చెవి మా ఊళ్ళో ఒక్కటే ఉంది. అది చెక్కుచెదరకుండా ఉంది. బల్లి ఉందన్నప్పుడు ఆయన విన్నాడు. నేను ఎందుకు పరీక్షిస్తున్నానో కూడా అర్థమై, తల తిప్పలేదు.

"మాయెస్త్రో," అన్నాను. "మూడు వారాలు ఈ మెట్ల మీద వేళ్ళు పెట్టారు. మీకు వినబడలేదా?"

"నేను వాయించేవాణ్ణి. శ్రుతి చేసేవాణ్ణి కాదు."

"అది కాదు అడిగింది."

"నాకూ పిల్లలున్నారు జెలిందా," అన్నాడు. కోటు సర్దుకుని వెళ్ళిపోయాడు.

వసారాలో కోరస్ వాళ్ళంతా నోటీసు బోర్డు ముందు గుమిగూడి ఉన్నారు. కోరస్‌ను నలభై మందినుంచి ఇరవై ఎనిమిది మందికి తగ్గిస్తున్నట్టు జాబితా పెట్టారు. నలభై అయిదు దాటిన ఆడవాళ్ళందరి పేర్లూ తీసేశారు. దేసొలీనా పేరు లేదు. నా పక్కన పద్దెనిమిదేళ్ళు పాడిన అదేలె పేరు లేదు. ఒక్క నా పేరు మాత్రం ఉంది, పక్కన 'శాశ్వతం' అని.

దేసొలీనా నా వైపు తిరిగింది. ఏడవడం లేదు. ఏడ్చినా బాగుండేది.

"నీకు నలభై ఏడు కదే," అంది. "ఎవరికి మొక్కావు? మాకూ చెప్పు, మేమూ పోయి కొవ్వొత్తి వెలిగిస్తాం."

"నాకు తెలియదు దేసొలీనా. ప్రమాణం చేసి చెబుతున్నా."

"తెలియకుండానే దొరికిందా? అయితే నీకు ఇంట్లోనే ఎవరో దేవుడున్నాడు."

తరాస్కి గది తలుపు తోసుకుని వెళ్ళాను. అతను కాఫీ తాగుతున్నాడు.

"పియానో ఎత్తించారు," అన్నాను.

"పియానోనా? ఏ పియానో? పైన గదిలోదా? ఇప్పుడే విని వచ్చారటగా. ఎలా ఉంది?" కప్పు కింద పెట్టాడు. "ఎత్తి ఉంటే మీరు ముందే వినేవారు, కదూ? ఇరవై రెండేళ్ళ అనుభవం. విని ఉంటే చెప్పేవారు. చెప్పలేదంటే, లేనట్టేగా."

అతనికి సోమవారం సంగతి తెలియదు. ఊరికే నవ్వుతూ విసిరిన రాయి అది. కానీ సరిగ్గా వచ్చి తగిలింది.

*

ఇంటికి నడిచిన దారి గుర్తులేదు. పన్నెండు గంటలకే పొగమంచు మళ్ళీ దిగింది.

నెరీనా వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ప్రయాణం కోటు వేసుకుంది, కాళ్ళ దగ్గర పెట్టె. మాట్లాడకూడదు కాబట్టి చేతిలో పిల్లల పలక. దాని మీద రాసింది: 'రైలు రెండింటికి. ఏడవకు.'

అల్చీదె బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ముందు కంచం లేదు. చేతులు రెండూ బల్ల మీద ఖాళీగా ఉన్నాయి.

"జాబితా పెట్టారు," అన్నాను. "నా పేరుంది."

ఆయన తలూపాడు.

"నీ చెవులకు ఏమీ కాలేదు."

"కాలేదు."

"ఇది వింటోంది," అన్నాను, నెరీనాను చూపించి. "దాని ఎదురుగా చెప్పు. నాకు కాదు, దానికి చెప్పు."

నెరీనా పెట్టె మీద నుంచి చెయ్యి తీసింది. ఆయన ఆమె వైపు చూడబోయి, చూడలేక, తన చేతుల వైపు చూసుకుంటూ మాట్లాడాడు.

"నవంబరు ఆఖర్లో తరాస్కి నన్ను పిలిచాడు. జాబితా నా ముందు పెట్టాడు. జెలిందా పేరు మీద పెన్సిలుతో గీత. 'రబ్బరు నా దగ్గరుంది, తాళం నీ దగ్గరుంది,' అన్నాడు. నేను లేచి వచ్చేశాను. ఒట్టు, లేచి వచ్చేశాను. ఆ రోజు ఇంటికొస్తే నువ్వు గిన్నెలు తోముతూ కోరస్ పాట పాడుకుంటున్నావు, జెలిందా. అది లేకపోతే నువ్వేం అవుతావు అనుకున్నాను. మర్నాడు వెళ్ళి సరే అన్నాను. నువ్వు అడగలేదు. అడగలేదని నాకు తెలుసు. నీ కోసం అని చెప్పుకుంటే నాకు సుఖంగా ఉండేది, అంతే.

"ఒక్కసారే ఎత్తితే అమ్మాయి కనిపెట్టేస్తుంది. అందుకని రోజుకు కొంచెం. గొంతు దానితోపాటు ఎక్కుతూ పోతుంది, ఎక్కుతున్నానని దానికి తెలియదు. అరస్వరం ఎత్తినా పాట పాడేస్తుందేమో అని భయం కూడా వేసింది, ఎందుకంటే నెరీనా, నువ్వు మొదటి వారం పాడేశావు. అంత పైన కూడా పాడేశావు. తలుపు బయట నిలబడి విన్నాను. నా జన్మలో అలాంటిది వినలేదు. ఆ రోజే ఆపి ఉండొచ్చు. ఆపకపోగా మర్నాడు ఇంకొంచెం ఎక్కువ బిగించాను. నీ గొంతు గెలుస్తోందని నాకు కోపం వచ్చింది. నాకు కోపం, నీ మీద! నిన్న నువ్వు దించమని అడిగినప్పుడు నాకు నవ్వొచ్చింది. నవ్వలేదు, కానీ వచ్చింది. నెత్తురు చూశాక పోయింది.

"భయంతో చేశానని అందరికీ చెప్పండి, నేనూ అలాగే చెబుతాను. మీ ఇద్దరికీ మాత్రం అబద్ధం చెప్పను. ముప్ఫై ఏళ్ళ నా పనిలో అంత శుభ్రమైన పని ఎప్పుడూ చేయలేదు. మొదటి రోజు తాళం పట్టుకుంటే చేతులు వణికాయి. రెండో రోజూ వణికాయి. ఏడో రోజుకి వణకలేదు."